కారు సోకులు: ఏది ముందు, ఏది వెనక

విజయవాడ ఆటోనగర్‌లో మాది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. ఇప్పుడు పనంతా మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను ఉదయం పూట వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళే. సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్టో, ఐ ట్వంటీయో కొనుక్కుని, సెల్‌ఫోన్లో ఫొటో చూపించి, "అంకుల్, మన బండి ఇలా తయారవ్వాలి" అంటారు. ఆ మోజు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. సొంత కష్టంతో కొన్న బండికి సోకులు చేయించుకోవాలనుకోవడంలో తప్పేముంది? బాధల్లా ఏమిటంటే, డబ్బు చాలక చెడిన బండ్ల కంటే పనుల వరస తప్పి చెడిన బండ్లే ఎక్కువ చూశాను. కొత్త రంగు పక్కనే గ్రైండింగ్ పెడితే రవ్వలు అద్దంలోకి, రంగులోకి దిగిపోతాయి. కొత్త సీటు కవర్లు విప్పితేగానీ స్పీకరు వైరు లాగడం కుదరదు. అలా రెండోసారి పెట్టిన ఖర్చు బండి మీద ఎక్కడా కనబడదు. అడిగినవాళ్ళకు నోటితో చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు కాగితం తీసుకోండి

గుడివాడ నుంచి ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ గారు పదేళ్ళు దాటిన స్విఫ్ట్ తెచ్చారు. జాబితా కూడా రాసుకొచ్చారు: అల్లాయ్ వీల్స్, అద్దాలకు నల్ల ఫిల్ము, బండికి ఎర్ర రంగు, రూఫ్ నలుపు, పక్కలకు స్కర్టులు, సీటు కవర్లు, స్పీకర్లు. అది ఆశ పుట్టిన వరస. పని జరగాల్సిన వరస వేరు. ప్రతి మాట పక్కన రెండు ప్రశ్నలు రాయమన్నాను. ఇది చేశాక నచ్చకపోతే తీసేయగలమా? ఇది చేయాలంటే ఇంకేం విప్పాలి? తీసేయలేనివి, లోపల దాగిపోయేవి జాబితాలో పైకి పోవాలి. విప్పి అమ్ముకోగలిగినవి కిందికి రావాలి. అలా సర్దేసరికి ఆయన మొదట రాసిన అల్లాయ్ వీల్స్ అట్టడుగుకు దిగాయి. జాబితాలోనే లేని తుప్పు పని మొదటికొచ్చింది.

డబ్బు కూడా అదే లెక్కన పంచుకోండి. తిరిగి చేయలేని పనికి మంచి సరుకు, తీసేయగలిగినదానికి మామూలు సరుకు. చేతిలో ఉన్నదంతా చక్రాల మీద పెట్టి, రంగుకొచ్చేసరికి "ఏదో ఒకటి కొట్టెయ్యండి" అనడం నేను ఒప్పుకోను.

2. తుప్పు సంగతి తేలనిదే రంగు మాట ఎత్తకండి

తుప్పు ముందుగా పట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. తలుపుల కింది అంచు, రన్నింగ్ బోర్డు, వెనక చక్రాల ఆర్చి లోపలి మడత, డిక్కీలో స్టెప్నీ గుంట. బందరు, కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళ బండ్లకు ఇంకా తొందరగా పడుతుంది. పైకి చూస్తే శనగగింజంత రంగు పొంగి ఉంటుంది, అంతే. గోటితో నొక్కితే పెటుక్కున పగిలి లోపలినుంచి ఎర్రటి పొడి రాలుతుంది. పైన శనగగింజంత ఉంటే లోపల రూపాయి బిళ్ళంత ఉందని అనుకోవాలి.

పాత బండి అయితే ఇంకో పరీక్ష. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ప్యానెళ్ళ మీద మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది. లోపల పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలి జారుతుంది. లెక్చరర్ గారి బండికి ఎడమ వెనక తలుపు కింద సరిగ్గా అలాగే జారింది. అక్కడ పాత పుట్టీ గీకితే వేలు దూరేంత కంత. సొట్టను రేకు లాగి సరిచేయకుండా పుట్టీతో నింపేశారెవరో. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు మించితే గతుకుల అదురుకు, ఎండకు నెర్రె ఇస్తుంది.

"స్కర్టు వేస్తే ఆ కంత కనబడదు కదండీ" అన్నారాయన. కనబడదు, నిజమే. స్కర్టుకీ రేకుకీ మధ్య బురద నిలిచి తుప్పు రెండింతలవుతుంది. కుళ్ళిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ టెర్మినల్ తీయాలి, ఆ పక్క సీటు, కార్పెట్ విప్పాలి. రేకు వెనకవైపు ఉన్న పూత వేడికి కాలిపోతుంది కాబట్టి లోపలి నుంచి కూడా మళ్ళీ పూత కొట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. బయటపడ్డ ఇనుమును ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్‌తో కప్పేయాలి. మన గాలిలో తేమకు రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. ఇంకో మాట: తలుపుల కింద నీళ్ళు కారడానికి కంపెనీవాడు పెట్టిన చిన్న బొక్కలుంటాయి. యాంటీ రస్ట్ కొట్టేటప్పుడు వాటిని మూసేశారంటే మందు వేసి మరీ తుప్పు పెంచినట్టే.

3. బాడీ కిట్టు రంగుకు ముందే బిగించి చూడాలి

స్కర్టులు, స్పాయిలర్, బంపర్ లిప్పు, ఏదైనా సరే, రంగు వేయకముందే బండికి బిగించి చూడాలి. సందులు సరిగ్గా ఉన్నాయా, తలుపు తీస్తే తగులుతోందా, స్పీడ్ బ్రేకర్ మీద కింద రాసుకుంటుందా, అన్నీ చూశాక బొక్కలు వేసి, ఆ బొక్కల అంచులకు ప్రైమర్ పూసి, విప్పి, విడిగా రంగు వేసి, చివర్లో మళ్ళీ బిగించాలి. రంగు అయ్యాక డ్రిల్లు పెడితే ఆ బొక్కే తుప్పుకు దారి.

సరుకు విషయానికొస్తే, ఫైబర్ అని మనం పిలిచే ఎఫ్‌ఆర్‌పీ చవక. పగిలితే అతికించుకోవచ్చు, కానీ అచ్చు సరిగ్గా కుదరదు, గట్టి దెబ్బకు ముక్కలవుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ కుదురుగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. బండితో వచ్చిన బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. అనుమానం ఉంటే బంపర్ లోపలి వైపు చూడండి, అచ్చులోనే చిన్న అక్షరాలుంటాయి: పీపీ అనో, ఏబీఎస్ అనో. పీపీ అని ఉంటే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. లేకపోతే మొదటిసారి ప్రెషర్ వాష్‌కు పోయినప్పుడే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఊళ్ళో తిరిగే బండికి నా ఓటు ఏబీఎస్‌కే.

డబుల్ టేపుతో అతికించేవాటికి అంటించే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గట్టి టేపుకు పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. సాయంత్రం అతికించి పొద్దున్నే వాటర్ వాష్‌కు తీసుకెళ్ళకండి.

4. రంగులో డబ్బు మిగల్చకండి

షోరూమ్ నుంచి వచ్చిన బండికి రేకు మీద ఉన్న రంగు పొరలన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. అందులో పైనున్న క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు. బండి మెరుపంతా ఆ పల్చటి పొరలోనే ఉంది. అందుకే ఊరికే పాలిష్ కొట్టించేవాళ్ళను చూస్తే నాకు దిగులు. కాంపౌండ్ పెట్టినప్పుడల్లా ఆ పొర కొంత పోతుంది.

రీపెయింట్ చేయిస్తే 2కే రంగే అడగండి. అంటే హార్డెనర్ కలిపి వాడే రంగు. పాతకాలపు ఎన్‌సీ రంగు చవక, తొందరగా ఆరుతుంది, కానీ మన ఎండలకు వెలిసిపోతుంది, పెట్రోలు చుక్క పడితే మచ్చ కడుతుంది. హార్డెనర్ పాలలో తోడు లాంటిది. ఎక్కువైనా తక్కువైనా పని చెడుతుంది. అందుకని డబ్బా మీద ఎంత రాసుంటే అంతే, కొలత గిన్నెతో కలపాలి. ఆ కలిపే చోట మీరు నిలబడి చూడండి, తప్పేం లేదు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లుంటాయి, ఊపిరితిత్తులకు చేటు. స్ప్రే చేసే కుర్రాడు ముఖానికి చేతిరుమాలు కట్టుకుని కొడుతుంటే ఆ షెడ్డులో పని చేయించవద్దు. కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టించేవాడే పని తెలిసినవాడు.

నునుపు చేసే పనిని దగ్గరుండి చూస్తే పనివాడి నాణ్యత తెలిసిపోతుంది. పుట్టీని 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 320కి రావాలి. ఆ మీద సర్ఫేసర్ కొట్టి, ఆరాక, దాని మీద నల్లటి గైడ్ కోట్ పొడి అద్దుతారు. ప్యానెలంతా బొగ్గు పూసినట్టవుతుంది. అప్పుడు చెక్క బ్లాకుకు కాగితం చుట్టి అడ్డంగా, ఐమూలగా రుద్దుతారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయి బూడిదరంగు తేలుతుంది. పల్లంగా ఉన్నచోట నలుపు మరకగా మిగులుతుంది. ఆ మరక మిగిలిందంటే అక్కడింకా గుంట ఉన్నట్టే. ఒట్టి చేత్తో కాగితం పట్టి రుద్దేవాడు ఆ గుంటను వేళ్ళతో ఇంకా లోతు చేస్తాడు. చివర్లో నీళ్ళతో 800 వాటర్ పేపర్ పట్టాక నేను ట్యూబ్‌లైటు కింద కళ్ళు మూసుకుని అరచేయి జరుపుతాను. కంటికి అందని ఎత్తుపల్లం అరచేతికి అందుతుంది. మీరూ చేసి చూడండి, ఇది పుట్టుకతో వచ్చే విద్యేం కాదు.

బేస్ కోటుకీ బేస్ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగాలి. కంగారుపడి మీద మీద కొడితే లోపలి థిన్నర్ బయటికి రాలేక, వారం తర్వాత సూదిమొన బొక్కలు తేలతాయి. ముసురు పట్టిన రోజుల్లో బయట షెడ్డులో రంగు వేయించకండి. గాలిలో తేమకు రంగు పాలిపోయి మెరుపు చస్తుంది. తప్పనిసరైతే పెయింట్ బూత్ ఉన్నచోటికి వెళ్ళండి. అక్కడ 60 డిగ్రీల వేడిలో అరగంట కాల్చి దింపుతారు.

ఒక్క తలుపుకే రంగు వేయించేవారికి ఒక సలహా. తెలుపు, ఎరుపు లాంటి సాలిడ్ రంగులు కలిసిపోతాయి. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్‌లు కలర్ కోడ్ ప్రకారం కలిపినా పక్క ప్యానెల్‌తో తేడా చూపిస్తాయి, ఎందుకంటే అందులోని అల్యూమినియం రేణువు ఏ వాలులో పడిందో దాన్ని బట్టి ఛాయ మారుతుంది. అందుకని రంగును పక్క ప్యానెల్లోకి కొంత మేర పల్చగా కలిపి, క్లియర్ మాత్రం రెండు ప్యానెళ్ళకూ పూర్తిగా కొట్టాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఒప్పుకోండి.

5. ఆరిన రంగు వేరు, పండిన రంగు వేరు

చేయి పెడితే అంటుకోనంత మాత్రాన రంగు పని అయిపోయినట్టు కాదు. లోపలి ద్రావకాలు మెల్లగా పోతూనే ఉంటాయి. షెడ్డులో గాలికి ఆరిన రంగు మీద స్టిక్కరింగో, పీపీఎఫ్ అనే రంగును కాచే ఫిల్మో వేయాలంటే నెల రోజులు ఆగమంటాను. ముందే వేస్తే కింద బుడగలు లేస్తాయి. తర్వాత ఎప్పుడైనా ఫిల్ము పీకితే రంగు కూడా దానితో పాటు ఊడొస్తుంది. ఆ నెల రోజులూ మైనం, పాలిష్ ఏదీ వద్దు. ఉత్త నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

6. రంగు, వ్రాప్, పీపీఎఫ్, సిరామిక్: దేని పని దానిదే

కొన్నాళ్ళకు మనసు మారుతుందనుకునేవారికి వ్రాప్, అంటే రంగు మీద అంటించే వినైల్ ఫిల్ము, మంచిది. లెక్చరర్ గారికి రూఫ్ నలుపు రంగుతో వద్దని, వ్రాప్‌తో చేయించమని చెప్పాను. అయితే అందులోనూ రెండు రకాలు. కాస్ట్ వినైల్ పల్చగా, మెత్తగా ఉండి వంపుల మీద కూర్చుంటుంది. క్యాలెండర్డ్ వినైల్ మందం, చవక, ఎండకు కుంచించుకుని అంచుల దగ్గర లేస్తుంది. రూఫ్, బానెట్ నేరుగా ఎండ తినే చోట్లు. అక్కడ క్యాలెండర్డ్ పెట్టకండి. తుప్పు మీద, పెచ్చులూడే రంగు మీద వ్రాప్ వేస్తే అది దాచదు, లోపలున్న ప్రతి గరుకునూ పైకి చూపిస్తుంది.

పీపీఎఫ్ రాళ్ళ దెబ్బ కాచేది. టీపీయూ రకం 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, సన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే మాసిపోతాయి. పీవీసీతో చేసినదాన్ని కూడా పీపీఎఫ్ అనే అమ్ముతున్నారు. అది పచ్చబడుతుంది, గట్టిపడుతుంది. ఏ సరుకో బిల్లు మీద రాయించుకోండి. డబ్బు తక్కువైతే బండంతా వద్దు, బానెట్, ముందు బంపర్, అద్దాల చెవులు, తలుపు పిడుల కింద గోళ్ళు గీసుకునే గుంటలు, ఇవి చాలు. హైవే మీద లారీల వెనక నడిచే బండికి రాళ్ళు తగిలేది ముందువైపే.

సిరామిక్ కోటింగ్ మైక్రాన్ల లెక్కలో పొర. నీళ్ళు జారతాయి, కడగడం సులువు, మెరుపు నిలుస్తుంది. రాయి తగిలితే ఆపదు. సిరామిక్ ఎప్పుడూ చివరి పొర. ముందు సిరామిక్ వేయించి ఆ మీద ఫిల్ము అంటే జిగురు పట్టదు.

7. డోర్ ప్యాడ్ ఒక్కసారే విప్పాలి

ప్లాస్టిక్ క్లిప్పులు ప్రతిసారీ విరుగుతాయి. పట్టు తప్పిన ప్యాడ్ గతుకుల్లో కిచకిచమంటుంది. కాబట్టి స్పీకరు వైరు, పవర్ విండో బాగు, డ్యాంపింగ్ షీటు, అన్నీ ఒకే రోజు పెట్టుకోండి. డ్యాంపింగ్‌కు బ్యూటైల్ షీటే తీసుకోండి. తారు షీటు చవకగా దొరుకుతుంది గానీ మే నెలలో మెత్తబడి వాసన కొడుతుంది. ప్యాడ్ వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. పనివాళ్ళు దాన్ని చింపి పారేస్తుంటారు. అద్దం మీద కారిన వాన నీరు లోపలికి రాకుండా కాచేది ఆ కాగితమే. అది మళ్ళీ అంటించారో లేదో చూశాకే ప్యాడ్ బిగించనివ్వండి.

8. సీటు పక్కన చీటీ చూశాకే కవర్లు

సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న చీటీ కుట్టి ఉంటే, మామూలు కవరు వేయకూడదు. ఆ బ్యాగు సీటు అంచు చీల్చుకుని బయటికి రావాలి. బిగుతు రెగ్జిన్ దాన్ని ఆపేస్తుంది. ఆ చోట తెగే కుట్టు పెట్టిన కవరే కొనాలి, లేదా బండితో వచ్చిన బట్ట సీటుతోనే ఉండిపోవాలి. నా మాటకొస్తే మన బెజవాడ ఎండలకు బట్టే హాయి.

ఫ్లోర్ లామినేషన్ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. కాళ్ళకు అంటిన వాన నీరు అంచుల గుండా లోపలికి దిగి ఆరదు. ఫ్లోర్ రేకును తుప్పు లోపలినుంచి తింటుంది. విప్పి కడుక్కునే మ్యాట్లు వేసుకోండి. డ్రైవర్ వైపు ఒకదాని మీద ఒకటి వేసి పెడల్‌కు అడ్డం తేకండి.

9. చక్రాలు ఆఖర్న

సైజు లెక్క చాలా తేలిక. స్విఫ్ట్ కింది మోడళ్ళకు 165/80 ఆర్14 టైరు వచ్చేది, పై మోడళ్ళకు 185/65 ఆర్15. మొదటిదాని మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్ల దగ్గర, రెండోదానిది 621 పైన. అంటే కంపెనీవాడు రిమ్ము పెంచినా చక్రం ఎత్తు మార్చలేదు. 195/55 ఆర్16 వేసినా దాదాపు అంతే వస్తుంది. అదే 205/60 ఆర్16 వేస్తే 652 దాటుతుంది, ఐదు శాతం పైమాటే. మీటరు 60 చూపిస్తుంటే మునుపటి లెక్కన బండి 63లో పోతుంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లైనర్‌కు రాసుకుంటుంది. తేడా మూడు శాతం లోపు ఉంచుకోండి. బోల్టుల కొలత అంటే పీసీడీ, ఆఫ్‌సెట్, మధ్య బొక్క, మూడూ కుదరాలి. మధ్య బొక్క పెద్దదైతే హబ్ రింగ్ వేయించండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. సైడు గోడ తగ్గేకొద్దీ గుంటల దెబ్బ రిమ్ముకే తగులుతుంది. పల్లెటూరి రోడ్ల మీద తిరిగేవారికి పదిహేను అంగుళాలే నా సలహా.

10. లైట్లకు ముందు అద్దం

వెలుతురు తగ్గిందంటే బల్బు మార్చాలని పరుగెత్తుతారు. ముందు హెడ్‌లైటు అద్దం పచ్చబడిందేమో చూడండి. 1000, 2000, 3000 కాగితాలతో నీళ్ళు పోస్తూ రుద్ది, ఆ మీద యూవీ క్లియర్ కొట్టించాలి. క్లియర్ లేకుండా పాలిష్ ఒక్కటే చేయిస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పచ్చబడుతుంది. హెచ్4 బల్బు 60/55 వాట్లు. దాని కోసం చేసిన రిఫ్లెక్టర్లో తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఎదుటివాడి కళ్ళు చెదురుతాయి. రాత్రిపూట మీకెదురుగా వచ్చే బైకువాడి ప్రాణం తలుచుకోండి.

11. కాగితాలు

ఆర్సీలో బండి రంగు రాసి ఉంటుంది. రంగు మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో మార్పించుకోవాలి. బండంతా వ్రాప్ చేసినా రంగు మారినట్టే. జీపుల మీద మోజున్నవారు వినాలి: ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే, మనం వేయకూడదు. అద్దాల విషయంలో ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు కనబడాలన్నది నియమం. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీయించింది. 2024లో కేరళ హైకోర్టు ఆ శాతాలకు లోబడిన ఫిల్ముకు అభ్యంతరం లేదని చెప్పినా, చీకటి ఫిల్ము మాత్రం ఎక్కడా చెల్లదు. ముందు వైపు ఇనుప గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన భాగాన్ని ఆ గార్డు పని చేయనివ్వదు, నడిచి వెళ్ళేవారికి ప్రాణాంతకం. మా షెడ్డులో అవి బిగించం.

అల్లాయ్‌లు, స్టీరియో, పీపీఎఫ్ బిల్లులు బీమా కంపెనీకి రాసి పంపి పాలసీలో చేర్పించుకోండి. చేర్చనిదానికి క్లెయిములో పైసా రాదు. కలిపిన రంగు కొంచెం మిగిల్చి, కలర్ కోడ్ చీటీ అంటించి ఇంట్లో దాచుకోండి, రేపు గీత పడితే పనికొస్తుంది. బండి తెచ్చేటప్పుడు ఆర్సీ, పాలసీ కాగితం వెంట తెచ్చుకోండి. అవి చూడనిదే రంగు డబ్బా మూత తీయవద్దని మా అబ్బాయికి చెప్పి ఉంచాను.